ఆరో తేదీ, సాయంత్రం నాలుగు

స్కానింగ్ తెర మీద నల్లటి గుండ్రం. దాని చుట్టూ నిప్పంటుకున్నట్టు ఎర్రటి రింగు.

పొద్దున ఆ రింగు కనబడగానే చిన్న డాక్టరు మాటలు ఆపేసింది. అంతవరకూ ఎండల గురించి గలగలా మాట్లాడిన అమ్మాయి. ఫారం కేసి చూసింది, మళ్ళీ తెర కేసి చూసింది.

"రక్తనాళాలు ఎక్కువగా ఉన్నాయండీ. నెలలో ఈ రోజుకి ఇలా ఉండకూడదు. పెద్ద డాక్టరుగారు చూడాలి."

"చూసి?" అంది బల్ల మీద పడుకున్న ఆమె.

"ఒకవేళ తియ్యాల్సొస్తే..." అని ఆగి, పొట్ట మీది జెల్లు తుడుచుకోమని కాగితాలు చేతికిచ్చింది.

తియ్యడానికి ఆమెకు మిగిలింది ఆ ఒక్క అండాశయమే. కుడివైపుది మెలిపడిందని పంతొమ్మిదో ఏటే తీసేశారు. పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లల కోసం ఎదురుచూస్తున్నది ఈ ఎడమవైపుదాన్ని నమ్ముకునే.

ఆమె వచ్చింది ఉత్త కడుపునొప్పని.

భర్త లారీ మీద వెళ్ళి నెల దాటింది. తోడు వచ్చింది తండ్రి. కోర్టులో ముప్పై ఏళ్ళు వాయిదాల పుస్తకం రాసి రిటైరయిన మనిషి. సర్వీసులో ఒక్క తేదీ కూడా తప్పు చెప్పలేదట. ఆ సంగతి ఆయనే రోజుకోసారి గుర్తుచేస్తుంటాడు.

"ఇంకోసారి చూస్తారట నాన్నా" అంది ఆమె.

"చూడనీ" అని ఆయన గోడ గడియారం వైపు తిరిగాడు.

తల్లి పోయాక ఆ ఇంట్లో ఆడవాళ్ళ సంగతులు మాట్లాడుకున్నది లేదు. ఆమెకు పదమూడేళ్ళప్పుడు కూడా పక్కింటి అత్తయ్యే వచ్చి అన్నీ చెప్పి వెళ్ళింది. ఆ పూటంతా ఈయన పెరట్లో కూర్చుని, నిక్షేపంలా ఉన్న సైకిలును బాగుచేశాడు.

మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ వచ్చింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మళ్ళీ స్కాన్ చేస్తూ మాట కలిపింది.

"ఏం పని చేస్తావమ్మా?"

"నీళ్ళ శాఖలోనండీ. పైపులైన్ల మ్యాపులు గీస్తాను."

"ఊఁ. నీకు డేట్ వచ్చి మూడు రోజులేనా?"

"కాదండీ. పోయిన నెల పద్దెనిమిదిన వచ్చింది."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అంటే ఇరవై రెండు రోజులు. మరి ఫారంలో ఆరో తేదీ అని ఉందే! సాయంత్రం నాలుగింటికని టైముతో సహా చెప్పారట."

ఆరో తేదీ సాయంత్రం నాలుగింటికి ఏమైంది?

ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. తొమ్మిదిన స్కానుకు రమ్మని. ఎత్తింది నాన్న.

పొద్దున ఆమె ఓ మూల కూర్చుని లీటరు నీళ్ళు తాగుతుంటే, కౌంటర్లో ఫారం రాయించింది ఆయనే. "అమ్మాయికి డేట్ ఎప్పుడొచ్చిందండీ?" అని గొంతు తగ్గించి అడిగి ఉంటారు. ఆడవాళ్ళ మధ్య డేటంటే నెలసరి. ఆయనకు డేటంటే ఒకటే. పైవాళ్ళు ఇస్తారు, మనం హాజరవుతాం.

"మా నాన్న చెప్పారండీ" అంది ఆమె, తల కొట్టేసినట్టయి.

విషయం విని డాక్టరమ్మ పడీపడీ నవ్వింది.

"మూడో రోజున ఈ రింగు కనబడితే నేనూ కంగారుపడేదాన్ని. ఇరవై రెండో రోజున ఇది మామూలేనమ్మా. అండం విడుదలైన చోట ఈ బుడిపె కడుతుంది. దానికి రక్తం కావాలి కదా, గబగబా చుట్టూ కొత్త నాళాలు వేసుకుంటుంది. గర్భం రాకపోతే రెండు వారాల్లో అన్నీ ముడుచుకుపోతాయి. ఆ నొప్పి కూడా దీనిదే."

"ప్రతి నెలా కొత్త లైన్లు వేసి, ప్రతి నెలా తీసేస్తుందా?"

"శుభ్రంగా తీసేస్తుంది. మీ శాఖవాళ్ళలా తవ్వి వదిలెయ్యదు."

"అయితే... ఆపరేషన్ అక్కర్లేదా?"

"ఇంత చక్కగా పనిచేస్తున్నదాన్ని తియ్యడమేమిటి? ఈసారి డేట్ వచ్చాక ఐదారు రోజులకి రా. ఇది ఉండదు. ఉండదని ఓసారి చూసి పంపిస్తా."

ప్రాణం లేచొచ్చింది ఆమెకు. నవ్వబోయి ఏడ్చేసింది. డాక్టరమ్మ ఇంకో రెండు కాగితాలు అందించింది, ఈసారి కళ్ళకు.

బయట తండ్రి నిలబడే ఉన్నాడు.

"తియ్యరు నాన్నా. అంతా బాగానే ఉందట."

"హమ్మయ్య" అని ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తను చెప్పకపోయినా ఆయనకు అన్నీ తెలుసునని అప్పుడు అర్థమైంది ఆమెకు.

కాస్త తేరుకున్నాక ఆయన జేబులోంచి చిన్న డైరీ తీశాడు. "మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"డేట్ వచ్చాక, ఐదారు రోజులకి."

"డేట్ ఎప్పుడిస్తారట?"

"అది వాళ్ళిచ్చేది కాదు నాన్నా."

పెన్ను ఆగింది. కౌంటర్లో వాళ్ళు అడిగిందేమిటో, తను చెప్పిందేమిటో ఆయనకు మెల్లగా తెలిసొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నా మాట పట్టుకునా తల్లీ, పొద్దుటినుంచీ నిన్నిలా..."

"పోనీలే నాన్నా. టైముతో సహా చెప్పావుగా" అని ఆమె ఆపుకోలేక నవ్వేసింది.

ఆయన నవ్వలేదు. డైరీ మూశాడు. నేల చూపులు చూస్తూనే, "ఈసారి వచ్చినప్పుడు నాకు చెప్పమ్మా. నేనే తీసుకొస్తాను" అన్నాడు.

పదహారో తేదీ ఉదయం, ఆఫీసులో సగం గీసిన మ్యాపు పక్కకు జరిపి, ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, వచ్చింది" అంది.