వెనక గది

"భాయ్, జర ఆవాజ్ తగ్గించండి. వీధి చివరిదాకా వినబడుతోంది."

హిందీలో అడిగిన ఆ మనిషి చీపురుతో గుమ్మంలో నిలబడ్డాడు.

లక్ష్మణ్‌కు ఒళ్లు మండింది.

వారమంతా సౌదీలోని రాబిగ్‌లో ఏసీలు బాగుచేసే మెకానికే అయినా, శుక్రవారం రెండు గంటలు అతను పాస్టరు. బంగ్లా వెనక ఉన్న ఈ గదిని ఆ ఇంట్లో వంటచేసే ముత్తవ్వ ఫోన్లో కుదిర్చింది. ఎవరిదని అడగొద్దంది.

చర్చికి అనుమతి లేని దేశం కాబట్టి ఇక్కడ పదిహేను మంది తెలుగువాళ్లు గుట్టుగా ప్రార్థన చేసుకుంటారు. గుట్టన్నది మొన్నటి మాట. ఇప్పుడు పెద్ద స్పీకరు వచ్చింది, రంగుల లైట్లు వచ్చాయి, గోడమీద శిలువ కన్నా పెద్ద మువ్వన్నెల జెండా వచ్చింది. ఇవాళే ఇండియా వాళ్లకు ఫోన్లో మొదటి లైవ్.

"నీది ఏ దేశం?"

"పాకిస్తాన్. నేనూ ఈసాయినే భాయ్, మీలాగే ఏసును నమ్ముతా. వెనక కూర్చోనా?"

లోపల పాట ఆగిపోయింది.

"మా జెండా ముందట నువ్వు కూసుంటే ఇండియాల మమ్మల్ని ఏమంటరు? నడువ్!"

"సరే. ఆవాజ్ మాత్రం..."

లక్ష్మణ్ తలుపేసి, స్పీకరు ఇంకాస్త పెంచాడు.

పది నిమిషాలకు బయట కారాగింది. బంగ్లా యజమాని కేకలు.

ఎవరో స్పీకరు వైరు పీకేశారు.

యజమాని తలుపు తీశాడంటే ఒక్కొక్కరికీ వీసా ఇచ్చిన కఫీల్‌కూ ఫోను పోతుంది. అందరికీ ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కిస్తారు. లక్ష్మణ్‌ లైట్లు ఆర్పాడు. కిటికీ సందులోంచి చూస్తే, ఆ పాకిస్తానీ యజమానితో అరబ్బీలో గబగబా ఏదో చెబుతున్నాడు.

"పట్టిచ్చిండు! నేను అనుకున్నదే!" అన్నాడు గుసగుసగా.

కానీ తలుపెవరూ తట్టలేదు. కారు వెళ్లిపోయింది.

"దేవుడే కాపాడిండు, హల్లెలూయా!" అన్నాడు లక్ష్మణ్.

ఒక్కొక్కరే జారుకున్నారు. వాకిట్లో నిలబడ్డ మనిషి వంక ఎవరూ చూడలేదు.

మరుసటి శుక్రవారం గదికి తాళం వేసి ఉంది.

ముత్తవ్వకు లక్ష్మణ్ ఫోన్ చేశాడు.

"ఆ పాకిస్తానోడే చెప్పిండు కదా?"

"చెప్పిండు బిడ్డా. పాటలు నేనే పెట్టుకున్న, లోపల ఎవ్వల్లేరు అన్నడట. జుమ్మా నమాజు యాళ ఆ మోతేందని నిన్ననే ఆయనకు ఎగ్జిట్ కొట్టి పంపిండ్రు."

లక్ష్మణ్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఆయన పాటలంటే యజమాని ఎట్ల నమ్మిండు?"

"నమ్మక ఏం జేస్తడు? ఆ గది ఆయన ఉండేదే గద బిడ్డా. మీ ప్రార్థన కోసమని శుక్రారం శుక్రారం తన మంచం బయట ఎండల పెట్టుకుంటుండె."