తగిలితే ‘ఆ’ అనండి

“కళ్లు మూసుకోండి మావయ్యగారూ,” అంది జెస్సీ.

“ఎందుకమ్మా మూసుకోవడం? ఆయనకేం లేదు. ఎండ మచ్చ!” సీతామహాలక్ష్మి మొగుడికి అడ్డంగా వచ్చి నిలబడింది.

పెడనలో ఇంటింటికీ కుష్ఠు సర్వేకి తిరుగుతున్న నర్సు జెస్సీ. మగ్గం పనికి బయల్దేరుతున్న మార్కండేయులు కుడి ముంజేతి మీద పాలిపోయిన మచ్చ చూసి ఆగిపోయింది. అక్కడ స్పర్శ ఉంటే పరవాలేదు, లేకపోతే అనుమానించాల్సిందే.

“ఒకవేళ ఉన్నా భయం లేదత్తయ్యగారూ. మాత్రలు ఉచితం. వాడితే నయమైపోతుంది.”

“నీకు తెలుసు తల్లీ, షెడ్డులో వాళ్లకి తెలియొద్దూ? రేపట్నించి ఈయన పక్క మగ్గం మీద ఎవరు కూర్చుంటారు?”

మార్కండేయులుకి ఈ గొడవేమీ పట్టలేదు. ఆయన చూపంతా జెస్సీ చేతిలోని సన్నటి నైలాన్ పోగు మీదే ఉంది.

“ఎంత సన్నగా ఉందో! ఇదెంత కౌంటు పోగమ్మా?”

“కౌంటు తెలీదండీ. ఇది కాస్త వంగేలా తాకిస్తాను, మీకు తెలియాలి.”

“ఈ వయసులోనా? తెగిన పోగే ఈ మధ్య వేళ్లకి దొరకట్లేదు.”

నోరు మూసుకోడేం ఈ మనిషి అని సీతామహాలక్ష్మి కళ్లురిమింది.

“వయసు మీద పడితే అంతేనండీ. చర్మంలో స్పర్శని పట్టేవి తగ్గిపోతాయి. కానీ అది రెండు చేతులకీ కొంచెం కొంచెంగా, ఒకేలా ఉంటుంది. జబ్బయితే ఒకచోట బొత్తిగా తెలియదు,” అంది జెస్సీ.

“అయితే చూడు, చూడు!” మార్కండేయులు ఉత్సాహంగా చెయ్యి చాపి కళ్లు మూసుకున్నాడు.

“కళ్లు మూసుకుంటే ఆయనకి కంగారు,” అంటూ సీతామహాలక్ష్మి పక్కన చేరింది. ఆయన ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుని చెంగు కప్పింది. చెవిలో గొణిగింది: “నేను నొక్కినప్పుడల్లా ‘ఆ’ అనండి.”

పోగు మచ్చని తాకింది. ఆమె నొక్కింది.

“ఆ!”

మళ్లీ తాకింది. మళ్లీ నొక్కింది.

“ఆ!”

ఈసారి జెస్సీ పోగుని మచ్చ దాకా తెచ్చి ఆపింది. సీతామహాలక్ష్మి నొక్కింది. మార్కండేయులు పలకలేదు. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. పళ్లు బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు.

“భలే కనిపెట్టారే! ఇప్పుడు నేను తాకలేదు,” అని నవ్వింది జెస్సీ. ఇంకొన్నిసార్లు తాకించి చూసి పోగు పక్కన పెట్టేసింది. “స్పర్శ బాగానే ఉంది. ఇది శోభి మచ్చలా ఉంది. ఎందుకైనా మంచిది, ఒకసారి డాక్టరుగారికి చూపించండి.”

సీతామహాలక్ష్మి గోడకి చేరగిలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అంత సంతోషం ఆమెకి ఈ మధ్యకాలంలో కలగలేదు.

మార్కండేయులు కళ్లు తెరిచి పెళ్లాం వైపు గర్వంగా చూశాడు.

“నీ సాయం లేకుండానే పాసయ్యాను, చూశావా? నొక్కుతానన్న దానివి, ఒక్కసారైనా నొక్కావుటే?”

సంచి సర్దుకుంటున్న జెస్సీ పకపకా నవ్వింది. సీతామహాలక్ష్మి నవ్వలేదు. నెమ్మదిగా చెంగు తొలగించి చూసింది.

“అమ్మాయీ, వెళ్లకు,” అంటూ మొగుడి ఎడమ అరచేతిని తనే జెస్సీ ముందుకి చాపింది.

నాలుగు గోళ్లూ దిగబడిన గాట్లలోంచి రక్తం కారుతోంది.