ఫిల్టర్ మార్చిన రోజు

“స్క్రూ ఎక్కడ పడేశావే?” మస్తాన్‌రావు కూతురు అపర్ణ మీద గయ్యిమన్నాడు.

బైకు పక్కన గొంతుక్కూర్చుని, మిరపచేల దుమ్ముతో పూడిపోయిన ఎయిర్ ఫిల్టర్ తీసి కొత్తది పెట్టాడాయన. కొన్నప్పటి నుంచీ ఆ బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. ఇక మూత బిగించి, అపర్ణను వెనక ఎక్కించుకుని గురజాల బయల్దేరాలి.

“నేను ముట్టుకోలా నాన్నా. నీ కుడికాలి పక్కనే ఉంది.”

ఆయన నేల తడిమాడు. వేళ్లు స్క్రూకి జానెడు దూరం దాకా వచ్చి వెనక్కి పోయాయి. ఎండలో అది తళతళా మెరుస్తూనే ఉంది.

అపర్ణ వంగి ఆయన కళ్లలోకి చూసింది.

“మొన్న గేదెను గుద్దింది చీకట్లో కనపడకేనన్నావు. చీకటి వల్ల కాదు గదా?”

“నోర్ముయ్. అదే అడ్డమొచ్చింది.”

“నా మొహం కనపడతందా నీకు?”

ఆయన మాట వినబడ్డ వైపు మొహం తిప్పాడు.

“నువ్వని తెలుస్తందిగా,” అన్నాడు.

అపర్ణ తనే స్క్రూ తీసి మూత బిగించింది.

“తాళం ఇటియ్యి. నే నడుపుతా. ముందు కంటి డాక్టరు దగ్గరికే పోతాం.”

“గేర్ల బండి నీకేం వచ్చు?”

“పక్కింటోళ్ల బండి మీద నువ్వు నేర్పిందేగా.”

మస్తాన్‌రావు మూత బిగిసిందో లేదో వేలితో తడిమి చూశాడు. జేబులోంచి తాళం తీశాడు. ఆమె చెయ్యి ఎక్కడుందో వెతుక్కుని, అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

ఆమె బండి స్టార్ట్ చేసింది. ఆయన సీటు పట్టుకుని తడబడుతూ ఎక్కాడు. తన బండి మీద తను వెనక కూర్చోవడం అదే మొదలు.

“కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలమ్మా?” అని అడిగాడు.