పద్నాలుగు కారణాలు

ఢామ్మని తలుపు పడింది. ధన్‌సింగ్ బోను లోపల ఉండిపోయాడు.

తప్పు ఎవరిదీ కాదు, తన కాలిదే. పులి కోసం పెట్టిన బోను సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని లోపలికి దూరి, తొక్కకూడని పలక తొక్కాడు. ఎదురుగా చువ్వల తలుపు, మిగతా అన్ని పక్కలా రేకు. గొళ్లెం బయట. లోపలే, వెనక జాలీ అవతల ఎరగా కట్టిన మేక.

"పోతయ్యా! జల్దీ దిగు. ఇరుక్కున్నా!"

పోతయ్య ఎదురుగా ఇప్పచెట్టు మీదున్నాడు. ఏది కదిలినా తనంతట తానే ఫొటో తీసే కెమెరాను కింది కొమ్మకు కట్టి, పైకొమ్మ మీద బీడీ వెతుక్కుంటున్నాడు. పక్క గూడెం మనిషి. అడవిని ఎరిగినవాడని ఏడాది కిందట అటవీశాఖలో వాచర్‌గా తీసుకున్నారు.

"వస్తన్న సారూ. పంది ఇరుక్కుంటది, ఎలుగు ఇరుక్కుంటది. పీహెచ్‌డీ ఇరుక్కునుడు ఇయ్యాల్నే చూస్తన్న!"

నవ్వుకుంటూ సగం చెట్టు దిగాడు. దిగినవాడు ఆగిపోయాడు. ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టు ముఖం మాడ్చుకుని, మళ్లీ పైకెక్కి కూర్చున్నాడు.

"ఏమైంది?"

పోతయ్య అరచెయ్యి కిందికి ఆడించి, కూర్చోమన్నట్టు సైగ చేశాడు.

ధన్‌సింగ్‌కు పొద్దుటి మాటలు గుర్తొచ్చాయి. తను జూలూరుపాడు పక్క తండాలో పుట్టి, పులుల మీద పరిశోధన దాకా చదువుకున్న మనిషి. కానీ బోను ఎక్కడ పెట్టాలో తనను అడగలేదు, పోతయ్యను అడిగారు. అది కాస్త మంటగానే ఉంది. జీపులో వస్తూ అడిగాడు.

"పులి ఈ వాగు దగ్గరికే వస్తదని నీకెట్ల తెలుసు?"

"అడవిల ఉండి ఆ పేరు తియ్యొద్దు సారూ. తీస్తే పిలిచినట్టే." పోతయ్య గొంతు తగ్గించాడు. "నీళ్లున్నయి. గొడ్లొస్తయి. అదొస్తది. గంతే."

"అది సైన్సు కాదు పోతయ్యా. ఒక్క కారణం దగ్గర ఆగడమంటే సోమరితనం. నా లెక్కలో పద్నాలుగు కారణాలున్నాయి. వాటి ప్రకారం అది నిన్ననే పాల్వంచ వైపు పోయింది."

"ఆ పద్నాలుగూ దానికి ఎరికేనా సారూ?"

జీపు నడుపుతున్న బీటాఫీసరు నాగరాజు పకపకా నవ్వాడు. ధన్‌సింగ్ నవ్వలేదు.

"మాటలు తగ్గించు. నీ నౌకరి ఉండేదీ ఊడేదీ నా రిపోర్టు మీద ఉంది."

అదీ సంగతి. అందుకే పోతయ్య కక్ష కట్టాడు.

కానీ ఒక్క కారణం దగ్గర ఆగితే ఎలా? ధన్‌సింగ్ జేబులోంచి పుస్తకం తీశాడు. ఒకటి, పొద్దుటి అవమానం. రెండు, పోయినేడు గూడెం పోడు భూముల సర్వేలో తన సంతకం ఉంది. మూడు, చదువుకున్నవాడంటే చదువు లేనివాడికి ఉండే గుర్రు. నాలుగు, చేతిలో మొదటిసారి చిక్కిన అధికారం. గడులు గీశాడు. గడి నుంచి గడికి బాణాలు వేశాడు. చెమట కారి సిరా అలుక్కుపోయింది.

"తప్పయింది పోతయ్యా! తలుపు తియ్యి!"

పోతయ్య పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. నోరు మూసుకోమంటున్నాడు! ధన్‌సింగ్ ఇంకో గడి గీశాడు.

ఎండ ముదిరింది. నీళ్ల సీసా జీపులో ఉంది. నాగరాజు జీపు తీసుకుని ఊళ్లోకి పోయాడు, మధ్యాహ్నం గానీ రాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. కుడి వైపు రేకు పెనంలా కాలుతోంది. ఎడమ రేకుకు వీపు ఆనించి చతికిలబడ్డాడు. అది కాస్త చల్లగా ఉంది. సన్నగా అదురుతోంది కూడా. తన గుండె దడ రేకుకు పాకిందనుకున్నాడు. పొద్దుటి నుంచి చెవులు తూట్లు పొడిచిన మేక కూడా నోరు కట్టుకుని మూలకు నక్కింది. దానికీ తనంటే లోకువే.

"నిన్ను ఇంటికి పంపకపోతే నా పేరు ధన్‌సింగే కాదు!"

పోతయ్య రెండు చేతులూ జోడించాడు. దిగలేదు మాత్రం.

మూడు గంటలు గడిచాయి. కారణాలు పద్నాలుగయ్యాయి.

చివరికి జీపు హారన్ వినిపించింది. పొదలు కదిలాయి. జీపు వచ్చి ఇప్పచెట్టు కింద ఆగగానే పోతయ్య జరజరా జారి, ఉరికొచ్చి, ఒక్క చేత్తో గొళ్లెం ఎత్తాడు. ఒక్క చేత్తో!

"బండెక్కు సారూ, జల్దీ. మాటలు ఎనక."

"ఎక్కను! నాగరాజూ, ఈ మనిషి మూడు గంటలు చెట్టు మీద కూర్చుని నా తమాషా చూశాడు. ఇయ్యాల్టితో ఇతని నౌకరి సరి."

నాగరాజు బిత్తరపోయాడు. "ఏందయ్యా పోతయ్యా, నిజమేనా?"

"అవ్ సారూ, దిగలే. కారణం ఒకటే. ఈడ వద్దు, బండి కదిలినంక చెప్త."

"ఒకటే! మళ్లీ అదే మాట!" ధన్‌సింగ్ పుస్తకం ఝాడించాడు. "ఇక్కడ పద్నాలుగున్నాయి. నేనెంత బతిమాలానో ఆ కెమెరాలోనే ఉంటది. తియ్యి. ఇక్కడే, ఇప్పుడే చూడు."

నాగరాజు బానెట్ ఎక్కి కెమెరా విప్పాడు. చిన్న తెర మీద ఒక్కో ఫొటో జరిపాడు. రెండోదాని దగ్గరే ఆగిపోయాడు. తెర ధన్‌సింగ్ వైపు తిప్పాడు.

ఎడమ రేకుకు వీపు ఆనించి బోనులో ధన్‌సింగ్ నోరు తెరిచి అరుస్తుంటే, అదే రేకుకు అవతల, నీడలో, తనూ వీపు ఆనించుకుని పెద్దపులి పడుకుని ఉంది.