ఇసుకదిబ్బకు దారి

అడవిలో ఏనుగులు కొత్త బాట వేస్తూ ఎత్తుగా మట్టికట్ట పోశాయి. కట్టకు ఇవతల చెరువు, అవతల ఇసుకదిబ్బ. ముసలి తాబేలు ఏటా గుడ్లు పెట్టేది ఆ దిబ్బలోనే. ఇప్పుడు గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. కట్ట ఎక్కబోతే వెల్లకిలా పడిపోతోంది.

"మేం మట్టి మోసేవాళ్ళం. బాట గీసింది గద్ద" అన్నాయి ఏనుగులు.

"అంత ఎత్తు నుంచి నువ్వు గులకరాయిలా కనబడ్డావు మరి. కట్ట పోసినవాళ్ళనే అడుగు" అంది గద్ద.

ఎవరేమన్నారో తాబేలుకు అంతా కలగాపులగమైంది. చివరికి అడవిలో మొరలు వినడానికి పెట్టిన ముళ్ళపంది దగ్గరికి చేరింది.

"నీ దారి ఎక్కడుండేది, అవ్వా?"

"గుర్తు రావడం లేదు నాయనా. నిరుడు కూడా వెళ్ళాను."

"అయితే నడువు. నీ వెనకాలే వస్తాను."

ఎటు పోతోందో తాబేలుకే తెలియదు. కాళ్ళు మాత్రం తడుముకోలేదు. కట్టకు ముక్కు తగిలాక ఆగింది. అక్కడ మట్టినిండా తాబేళ్ళ గోళ్ళ గీతలే.

ముళ్ళపంది ఏనుగుల్నీ గద్దనూ అక్కడికే పిలిపించింది. "తవ్వించే అధికారం నాకు లేదు. ఈ గీతలు చూసి ఏం చేస్తారో అందరి ముందూ చెప్పండి" అంది.

గద్ద కిందికి దిగి గీతలు దగ్గర్నుంచి చూసి, తాబేలు దూరేంత తూము ఎక్కడ పెట్టాలో గోటితో గీసింది. సాయంత్రానికి ఏనుగులు కట్ట కింద తూము తవ్వాయి.

"ఇంతకీ తప్పెవరిదని తేలింది?" అంది తాబేలు అయోమయంగా.

"అది నేను తేలుస్తాను. నువ్వు ముందు గుడ్లు పెట్టిరా అవ్వా."

తాబేలు తూములో దూరింది. అవతల ఇసుక ఇంకా వెచ్చగానే ఉంది.