నాలుగో శనివారం కొలత

మా ఆయన సెడ్రిక్ ముప్పైయేళ్లు డబుల్ డెక్కర్ బస్సులు బాగుచేశాడట! షెడ్డులో సొంతంగా కట్టుకున్న రేసుకారుకి ముందు చక్రం ఒక్కటి తిన్నగా నిలబెట్టలేడు.

స్ప్రింగు తీసేసి జాకీతో చక్రాన్ని లేపుతాడు. స్టీరింగు కట్టేసి ఉన్నా, పైకి లేచేకొద్దీ చక్రం దానంతటదే పక్కకు తిరుగుతుంది. రోడ్డుమీద గతుకు తగిలితే కారు కంచెలోకే. స్టీరింగు కడ్డీ చివర రెండు వాషర్లు వేస్తే సరిపోతుందట. వేస్తాడు, కొలుస్తాడు, ఈల వేస్తాడు. మళ్లీ శనివారానికి అదే వంకర.

"నీ చేతికి బస్సులెలా ఇచ్చారయ్యా? ఎక్కినవాళ్లు ఏమైపోయారో!" అంటాను టీ ఇస్తూ.

"నోర్ముయ్యవే మేవిస్!" అంటాడు.

నాలుగో శనివారం ఆ మాట అనలేదు. జాకీ పక్కనే నేలమీద కూలబడ్డాడు.

"వాషర్లు వేసినట్టే గుర్తుందే. చూస్తే లేవు. మా నాన్నకీ మతిమరుపు ఇలాగే మొదలైంది. కారు అమ్మేస్తాలే. రేపు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు."

ఆ కారెక్కితే చచ్చిపోతాడని హడలిపోయి, ఆయన పబ్బుకెళ్లిన ప్రతి శుక్రవారం ఆ వాషర్లను ఊడదీసింది నేనే.

"రేపు ఆదివారం, డాక్టరు ఉండడు," అని మాత్రం అన్నాను.