ఆరిన్ చేసుకున్న పిస్టల్

ఆరిన్ తన పిస్టల్‌ని స్నేహితుడు లేలండ్ బల్ల మీద పెట్టాడు. అమెరికాలోని ఓక్లహామాలో రెండు చలికాలాలు గ్యారేజీలో కూర్చుని, పాతకాలపు నమూనాలో, ఒక్కో ముక్కా ఆకురాయితో అరగదీసి తనే చేసుకున్నది. ఆదివారం చర్చికి వెళ్లినా అది నడుముకి ఉండాల్సిందే.

"ఏంట్రా, స్లైడ్ మళ్లీ పట్టేస్తోందా? నూనె వెయ్యమంటే వినవు కదా!" అని నవ్వాడు లేలండ్.

ఆరిన్ పిస్టల్‌ని అతని వైపు తోశాడు.

ఇచ్చేవాడు ఖాళీ చేసి ఇవ్వాలి, పుచ్చుకున్నవాడు మళ్లీ చూసుకోవాలి. ముప్పై ఏళ్లుగా వాళ్లిద్దరి అలవాటు అది. లేలండ్ పిడిలోంచి తూటాలుండే మ్యాగజైన్ తీశాడు. ఖాళీగా ఉంది. పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్‌ని వెనక్కి లాగాడు. లోపలి నుంచి ఒక తూటా ఎగిరి బల్ల మీద పడింది.

"ఒరేయ్ ముసలోడా, తూటాతో ఇస్తావా? నాకు నేర్పింది నువ్వే కదరా! అయినా ఒక్కటే ఎందుకు పెట్టావు?"

"ఒక్కటి చాలనుకున్నా, పొద్దున."

లేలండ్ నవ్వు ఆగిపోయింది.

"మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఉండలేకపోతున్నా రా. దీన్ని నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. రేపొచ్చి నేను బాగైపోయానంటాను. నమ్మకు."

"రేపు రావడమేంట్రా?" లేలండ్ పిస్టల్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. "అసలు నిన్ను వెళ్లనిస్తేగా!"